గులాబీ మట్టిలో కూజా మొక్క

ప్రశ్న: మాది నిజామాబాద్. జూన్‌లో రాజమండ్రిలో పెళ్లికి వెళ్లి వస్తూ కడియం నర్సరీల్లో ఒక పిచ్చర్ ప్లాంట్ కొన్నాం. మావాడు ఏడో తరగతి. సైన్సు పుస్తకంలో బొమ్మ చూసి ఉన్నాడు, కళ్లెదుట కనబడేసరికి కొనేదాకా వదల్లేదు. అప్పుడు దానికి పది కూజాలు ఉన్నాయి. పొట్ట ఆకుపచ్చ, నడుము సన్నం, మూతి ఎరుపు. చిన్న ప్లాస్టిక్ కుండీలో ఇరుకుగా ఉందనిపించి పెద్ద మట్టి కుండీలోకి మార్చాను. మా గులాబీలకు కలిపే మట్టే వేశాను: ఎర్రమట్టి, వర్మీకంపోస్టు, పిడికెడు వేపపిండి. రోజూ బోరు నీళ్లు పోస్తున్నాను. ఇప్పుడు సెప్టెంబరు. కూజాలన్నీ ఎండిపోయాయి. కొత్త ఆకులు వస్తున్నాయి కానీ చివర తీగలా సాగి, అక్కడే నల్లబడి ఆగిపోతోంది. ఆకుల అంచులు కాలినట్టున్నాయి. కుండీ అంచున కొంచెం తవ్వి చూస్తే వేర్లు నల్లగా ఉన్నాయి. కుళ్లిపోయాయేమో. వట్టి కోకోపీట్‌లో పెట్టమని ఒకరు, నాచులో పెట్టమని ఇంకొకరు అంటున్నారు. ఏ మట్టి వేయాలి? ఇది బతుకుతుందా? మావాడు రోజూ అడుగుతున్నాడు.

జవాబు: అమ్మా, ముందు నల్ల వేర్ల టెన్షన్ వదిలేయండి. వేర్లు నల్లగా ఉన్నాయని బతికున్న మొక్కని చెత్తబుట్టలో వేసినవాళ్లు నాకు తెలుసు. ఈ జాతి మొక్కలకు ఆరోగ్యంగా ఉన్నప్పుడు కూడా వేర్లు నల్లగానే ఉంటాయి. వేరు తెల్లగా ఉంటే మంచిది, నల్లబడితే కుళ్లు అని మిగతా మొక్కలతో మనకు అలవాటు. ఆ లెక్క ఇక్కడ కుదరదు. రంగు వదిలేసి వేలితో పట్టి చూడండి. సన్నటి నల్లదారంలా బిగువుగా ఉంటే ప్రాణం ఉన్నట్టే. పట్టగానే మెత్తగా జారిపోయి మురుగు కంపు కొడితే అది కుళ్లు. కొత్త ఆకులు వస్తున్నాయని రాశారు కాబట్టి వేర్లన్నీ పోలేదు. బతకడానికి అవకాశం బాగానే ఉందని మీవాడితో చెప్పండి.

కాకపోతే ఆలస్యం చేయొద్దు. ఇది చదివిన రోజే మొక్కని ఆ మట్టిలోంచి బయటికి తీయండి. కొత్త మిశ్రమం చేతికి రావడానికి రెండు మూడు రోజులు పడితే, వేర్లకు శుభ్రమైన నీళ్లలో తడిపి పిండిన నూలు గుడ్డ చుట్టి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి నీడన ఉంచండి. ఆ మట్టిలో ఉండేకంటే గుడ్డలో ఉండటమే దానికి మేలు.

మీరు కలిపిన మట్టి గులాబీకి పంచభక్ష్య పరమాన్నం. ఈ మొక్క అది అరిగించుకోలేదు. ఎందుకో తెలియాలంటే అది పుట్టిన చోటు చూడాలి. ఈ కూజా మొక్కల జాతి పేరు నెపంథిస్. మన దేశంలో సహజంగా పెరిగే నెపంథిస్ ఒక్కటే, నెపంథిస్ ఖాసియానా. మేఘాలయలో గారో, ఖాసీ, జయంతియా కొండల్లో ఉంటుంది. గారో భాషలో దాన్ని మెమాంగ్ కోక్సి అంటారు, అంటే దయ్యం బుట్ట. చిరపుంజి వాన గురించి చిన్నప్పుడు చదువుకున్నాం కదా, ఆ కొండలే అవి. అంత వాన వేల ఏళ్లుగా కడుగుతూ ఉంటే నేలలో సారం ఏం మిగులుతుంది? ఆమ్ల గుణం ఉన్న నిస్సారమైన నేల మిగులుతుంది. అక్కడ బతకడానికే ఈ మొక్క ఆకు చివర కూజా కట్టుకుంది. చీమో ఈగో జారి పడితే లోపలి ద్రవం దాన్ని అరిగిస్తుంది, మొక్కకు కావలసిన నత్రజని అక్కడ దొరుకుతుంది. బోర్నియోలో నెపంథిస్ లోవీ అనే రకం ఉంది. ఉడుతలా ఉండే ఒక చిన్న జంతువు దాని మూత మీది తియ్యటి పదార్థం నాకడానికి ఎక్కి కూర్చుంటుంది. అది కూజాలోకి వదిలే పెంటికలే ఆ మొక్కకు ఎరువు!

మీవాడికి ఇలా చెప్పండి: దీని నోరు పైన ఉంది, కింద వేర్లకు అన్నం పెట్టకూడదు. వేర్లకు కావలసింది తేమ, గాలి, అంతే. వర్మీకంపోస్టు, వేపపిండి వేస్తే అందులో లవణాలు ఆ సన్నటి వేర్లను కాలుస్తాయి. ఎర్రమట్టి తడిసి తడిసి గట్టిపడి, వేరుకి గాలి అందకుండా చేస్తుంది. ఇంకో సంగతి కూడా ఉంది. వేరు దగ్గరే నత్రజని పుష్కలంగా దొరికితే మొక్క కూజాలు కట్టే శ్రమ తగ్గించుకుంటుంది. ఇంట్లో వంట సిద్ధంగా ఉంటే క్యారేజీ ఎవరు తెప్పించుకుంటారు?

మీరు రాసిన పోలికల్ని బట్టి మీది వెంట్రాటా అనే సంకరం అనుకుంటాను. దాని తల్లిదండ్రులు రెండూ ఫిలిప్పీన్స్ రకాలు. ఈ జాతిలో ఇది మొండిది. ఇన్ని తప్పులు తట్టుకుని ఇంకా ఆకు వేస్తోందంటే అదే కారణం అయి ఉండొచ్చు.

ఇక కోకోపీట్ సంగతి. మీకు సలహా ఇచ్చినవాళ్లు సగం నిజం చెప్పారు. మిగతా సగం నేను ఒక మొక్కని చంపుకుని నేర్చుకున్నాను.

మాది విశాఖ. నా మొదటి కూజా మొక్కని ఇటుకలా నొక్కి అమ్మే కోకోపీట్ కొని, నీళ్లలో నానబెట్టి, అలాగే కుండీలో నింపి నాటాను. కోకోపీట్ అంటే మన కొబ్బరి పొట్టే కదా, అందులో ఎరువేం ఉంటుంది అనుకున్నాను. నెల తిరక్కుండా ఆకుల అంచులు కాలడం మొదలైంది, ఇప్పుడు మీ మొక్కకి అయినట్టే. అది చూసి నేను ఆకలి అనుకున్నాను. పేడ నీళ్లు పోశాను. మళ్లీ పోశాను. తర్వాత చెప్పడానికి ఏం లేదు, ఖాళీ కుండీ మిగిలింది.

చాలా కాలానికి, నీళ్లలో కరిగిన లవణాలెన్నో చూపించే టీడీఎస్ మీటర్ ఒకటి కొన్నాక, అదే రకం ఇటుకని నానబెట్టిన నీళ్లలో ముంచి చూస్తే అంకె వెయ్యి దాటింది. అప్పుడు అర్థమైంది. కొబ్బరి డొక్కలో సహజంగానే పొటాషియం, సోడియం, క్లోరైడు ఉంటాయి. పీచు తీయడానికి డొక్కల్ని ఉప్పునీటి కాలువల్లో నానబెట్టిన చోట ఆ ఉప్పు ఇంకా ఎక్కుతుంది. కోనసీమలో పీచు మిల్లుల పక్కన గుట్టలుగా పడి వానకు తడిసిన పాత పొట్టులో ఉప్పు తక్కువ, కొత్త పొట్టులో ఎక్కువ. ఇటుకగా నొక్కి ప్లాస్టిక్ చుట్టాక ఏది ఏదో మనం చూసి చెప్పలేం. కవరు మీద లో ఈసీ (అంటే ఉప్పు తక్కువ) అని రాసి ఉన్నది దొరికితే అదే కొనండి. అయినా కడగండి.

కడగడం ఎలాగో కొంచెం వివరంగా చెప్తాను, మీ ప్రశ్నలో అసలు పని ఇదే. 650 గ్రాముల చిన్న ఇటుక చాలు, అది కూడా ఎక్కువే అవుతుంది. బకెట్లో వేసి మునిగేలా నీళ్లు పోసి రాత్రంతా నాననివ్వండి. పొద్దున పాత నూలు చీర ముక్కలో వేసి, చింతపండు పిసికినట్టు పిండండి. టీ డికాషన్ రంగు నీళ్లు దిగుతాయి. రంగు చూసి భయపడకండి, మనకు తలనొప్పి ఉప్పుతోనే. ఇలా నాలుగైదు సార్లు నానబెట్టి, పిండి, నీళ్లు మార్చాలి. చివరి రెండు సార్లు మాత్రం వాన నీళ్లో ఆర్వో నీళ్లో వాడండి. పిండిన నీళ్లలో మీటర్ ముంచితే, మీరు పోసిన నీళ్ల అంకెకంటే 50కి మించి తేడా రాకూడదు. వస్తే ఇంకోసారి.

దీనికంటే సులువైన దారి ఒకటుంది, అది వానాకాలంలోనే కుదురుతుంది. నానబెట్టిన పొట్టుని వదులుగా ఉన్న గోనెసంచిలో వేసి, మేడ మీద రెండు ఇటుకల మీద పెట్టి వదిలేయండి. గట్టి వానలు నాలుగు పడితే మీ చేతుల పని అవి చేసి పెడతాయి. వానాకాలం ఇంకా పోలేదు కాబట్టి వచ్చే ఏడాదికి సరిపడా ఇప్పుడే ఒక సంచి కడిగించి ఆరబెట్టుకోండి.

ఇంత కడిగినా, వట్టి కోకోపీట్‌లో నాటమని మాత్రం నేను చెప్పను. పొడిలా ఉంటుంది కాబట్టి రోజూ నీళ్లు పోసే చేతి కింద అది బురదలా దిగబడిపోతుంది. నర్సరీల్లో వట్టి కోకోపీట్‌లోనే బాగున్నాయి కదా అంటారేమో. అక్కడ పైన షేడ్ నెట్ ఉంటుంది, చుట్టూ తేమ ఉంటుంది, అలవాటైన చేయి నీళ్లు పోస్తుంది. పైగా మొక్కలు అక్కడ ఎంతో కాలం ఉండవు, అమ్ముడైపోతాయి.

నాచు పెట్టమన్నవాళ్ల మాట మరింత మంచిది, కానీ ఏ నాచో వాళ్లు చెప్పలేదు. కావలసింది స్పాగ్నమ్ మాస్. చలిదేశాల చిత్తడి నేలల్లో పెరిగే నాచు అది. ఎండబెట్టి న్యూజిలాండ్ నుంచి, చిలీ నుంచి అమ్మకానికి వస్తుంది. లేత గడ్డి రంగులో పొడుగాటి పోగుల్లా ఉంటుంది. దాని కణాలు ఖాళీ సంచుల్లాంటివి. తన బరువుకు 15 నుంచి 20 రెట్లు నీళ్లు పట్టుకుంటుంది, అయినా పోగుల మధ్య గాలి ఆడుతుంది. ఒకేచోట తడీ గాలీ రెండూ దొరకడం మరే పదార్థంలోనూ ఇంత బాగా కుదరదు. పైగా ఆమ్ల గుణం ఉంటుంది, తొందరగా కుళ్లదు. మొదటి ప్రపంచ యుద్ధంలో దూదికి కరువొస్తే బ్రిటన్‌లో ఈ నాచునే గాయాలకు కట్టారు.

మన బజార్లో నాచు పేరుతో ఇంకోటి కూడా దొరుకుతుంది: ఆకుపచ్చగా, పలచటి చాపలా, కింద మట్టి అంటుకుని ఉండేది. చెట్ల మొదళ్ల మీంచి, రాళ్ల మీంచి ఊడదీసిన మామూలు నాచు అది. పూలబుట్టల అలంకారానికి బాగుంటుంది, ఈ పనికి వద్దు. తేడా తెలియాలంటే గుప్పెడు తీసి నానబెట్టి పిండండి. స్పాగ్నమ్ స్పాంజిలా ఉబ్బి, పిండితే ధారగా నీళ్లు వదిలి, మళ్లీ లేస్తుంది. మామూలు నాచు తడిసిన గడ్డిలా చతికిలబడుతుంది. 150 గ్రాముల పొట్లం చూడటానికి చిన్నదే, నానితే మీ కుండీకి సరిపోగా ఇంకా మిగులుతుంది. ధర ఎక్కువే, ఒప్పుకుంటాను. ఒకసారి కొంటే రెండేళ్లు. అన్నట్టు, చేతికి తెగిన గాట్లు ఉంటే గ్లౌజులు వేసుకుని పట్టుకోండి. ఈ నాచులో ఉండే ఒక రకం బూజు గాయంలోంచి చర్మానికి అంటే పుండ్లు పడతాయి. అరుదే, కానీ పిల్లవాడు పక్కన కూర్చుని సాయం చేస్తాడు కదా.

పెర్లైట్ దొరికేదే. అగ్నిపర్వతపు గాజురాయిని బాగా వేడి చేస్తే బొరుగుల్లా పేలి తేలికైపోతుంది. మిశ్రమాన్ని గుల్లగా ఉంచడం తప్ప అది చేసే పని లేదు, మనకు కావలసిందీ అదే. సంచి విప్పేముందు కాసిన్ని నీళ్లు చల్లండి, పొడి ముక్కులోకి పోకూడదు. దాని పక్కనే వర్మిక్యులైట్ అని అభ్రకం రేకుల్లా మెరిసేది అమ్ముతారు. పేరు దగ్గరగా ఉందని అది తెచ్చుకోవద్దు. పెర్లైట్ దొరక్కపోతే థర్మోకోల్ చిన్న ముక్కలు వేసేవాళ్లున్నారు. పనిచేస్తుంది కానీ నీళ్లు పోసినప్పుడల్లా పైకి తేలి ఇల్లంతా ఎగురుతాయి. నాకు నచ్చదు.

నాలుగోది ముక్కలు. ఆర్కిడ్లకు వాడే పైన్ బెరడు ముక్కలు గానీ, కొబ్బరి డొక్కని అంగుళంలో సగం ముక్కలుగా కోసినవి గానీ. డొక్క ముక్కలు ఇంట్లోనే కత్తిపీటతో కోసుకోవచ్చు. కాకపోతే పొట్టుకి చెప్పిన కడుగుడంతా వీటికీ చేయాలి, ఇంకో రెండు రోజులు ఎక్కువ నానాలి.

ఇప్పుడు మీకు నా కొలత. ఏదైనా ఒక గ్లాసు తీసుకోండి, తడిపి పిండిన నాచు రెండు గ్లాసులు, పెర్లైట్ ఒకటి, ముక్కలు ఒకటి. నాచు మరీ ఖరీదనిపిస్తే ఒక గ్లాసు నాచుకి బదులు ఒక గ్లాసు కడిగిన కోకోపీట్ వేయండి. అసలు నాచే దొరకలేదంటే కడిగిన కోకోపీట్ ఒకటి, డొక్క ముక్కలు రెండు, పెర్లైట్ ఒకటి. వెంట్రాటాకి ఇదీ చాలు.

ఈ కొలత మీ ఊరికి. మా విశాఖలో నేను నాచు సగానికి తగ్గించి ముక్కలు పెంచుతాను. సముద్రం గాలిలో తేమ ఎప్పుడూ ఉంటుంది, మిశ్రమం తొందరగా ఆరదు, ఆరకపోతే కుళ్లుతుంది. నిజామాబాద్‌లో మార్చి దాటితే గాలి పొడిబారిపోతుంది, అక్కడ నాచు ఎక్కువ ఉండాలి. మీ చేతినీ చూసుకోండి. కొందరికి కుండీ కనబడితే నీళ్లు పోయకుండా ఉండలేరు, వాళ్లు ముక్కలు ఎక్కువ వేసుకోవాలి. మీరు రోజూ పోస్తున్నానని రాశారు, అందుకే ఈ మాట చెప్తున్నాను.

ఏవి వేయకూడదో కూడా చెప్పేస్తాను. ఏ మట్టీ వద్దు. పేడ, కంపోస్టు, ఎముకల పొడి, గుడ్డు పెంకులు, సున్నం తగిలిన ఇసుక, బజార్లో దొరికే రెడీమేడ్ పాటింగ్ మిక్స్, ఏవీ వద్దు. రెడీమేడ్ సంచుల్లో ఎరువు ముందే కలిపి ఉంటుంది. బొగ్గు ముక్కలు కొద్దిగా వేసుకోవచ్చు, బూడిద పోయేదాకా కడిగాక.

కుండీ కూడా మార్చండి. మట్టి కుండీ అందంగానే ఉంటుంది, కానీ మీ ఎండకి దాని గోడలు తేమ లాగేస్తాయి, నీళ్లలోని లవణాలు గోడల్లో పేరుకుంటాయి. మీరు ఇరుకుగా ఉందని జాలిపడ్డ ఆ చిన్న ప్లాస్టిక్ కుండీయే దానికి నయం. ఐదు అంగుళాల ప్లాస్టిక్ కుండీ, అడుగున బోలెడు చిల్లులు ఉన్నది తీసుకోండి. ఆర్కిడ్ కుండీ అయితే మరీ మంచిది. పెద్ద కుండీలో వేరు అందుకోని చోట నీళ్లు నిలిచి పులుస్తాయి.

మిశ్రమం ఎంత బాగా కలిపినా బోరు నీళ్లు పోస్తే ఆరు నెలల్లో మళ్లీ మొదటికి వస్తాం. మనుషులు తాగే నీళ్లకి మన ప్రమాణాల ప్రకారం టీడీఎస్ 500 దాకా పర్వాలేదు. ఈ మొక్కకి 50 లోపు ఉంటే బాగుంటుంది, 100 దాకా ఓర్చుకుంటుంది. బోరు నీళ్లలో చాలాచోట్ల వందల్లో ఉంటుంది. నీళ్లు ఆవిరై పోతాయి, లవణాలు ఎక్కడికీ పోవు, పోసిన ప్రతి చెంబుతో కుండీలో పోగవుతుంటాయి. ఎండాకాలంలో ఇంకా వేగంగా పోగవుతాయి.

టీడీఎస్ మీటర్ కొన్ని వందల రూపాయలకే వస్తుంది. నాచు కొనేముందు అది కొనండి. మీ ఇంటి ఆర్వో నీళ్లు ముంచి చూడండి. చాలా యంత్రాల్లో రుచి కోసం కొంత బోరు నీటిని మళ్లీ కలిపేలా పెడతారు, అంకె 150 చూపించినా ఆశ్చర్యపోకండి. అలాంటప్పుడు 20 లీటర్ల డబ్బా నీళ్లు పరీక్షించండి, కొన్ని 40కి లోపే ఉంటాయి. ఏసీ గొట్టంలోంచి కారే నీళ్లు చాలామంది వాడతారు, నేనూ ఎండాకాలంలో వాడతాను, అందులో లవణాలు దాదాపు ఉండవు. అన్నిటికంటే మంచివి వాన నీళ్లు. వాన మొదలైన పది నిమిషాల తర్వాత డ్రమ్ము పెట్టండి, మేడ మీది దుమ్ము ముందు పోతుంది. దోమలు చేరకుండా మూత బిగించండి. ఆర్వో యంత్రం బయటికి వదిలే వ్యర్థపు నీళ్లు మాత్రం వద్దు, వృథా అవుతున్నాయని మనసు పీకినా వద్దు. అవి బోరు నీళ్లకంటే చిక్కటివి.

మొక్కని మట్టిలోంచి తీసే రోజు ఇలా చేయండి. సాయంత్రం పూట పెట్టుకోండి. కుండీని మట్టితో సహా బకెట్ నీళ్లలో ముంచి గంటసేపు నానబెట్టండి, ఎర్రమట్టి తనంతట తాను విడిపోతుంది. లాగొద్దు. ఈ వేర్లు చాలా పెళుసు, తాడులా లాగితే ఠక్కున తెగుతాయి. నీళ్లలోనే ఊపుతూ మట్టి వదిలించండి, చివర్లో శుభ్రమైన నీళ్లతో ఒకసారి కడగండి. కొంచెం మట్టి పట్టుకుని వదలకపోతే ఉండనివ్వండి, అది తీయబోయి వేరు పోగొట్టుకోవడం కంటే నయం. మెత్తబడిన వేర్లు మాత్రం కత్తెరతో తీసేయండి.

కుండీలో సగం దాకా మిశ్రమం వేసి, మొక్కని నిలబెట్టి, చుట్టూ వదులుగా నింపండి. మనకు మట్టిని బొటనవేళ్లతో అదిమే అలవాటు ఉంటుంది, ఇక్కడ ఆ చేయి కట్టేసుకోండి. నాచు అదిమితే గాలి పోతుంది, నాచుకి పెట్టిన డబ్బు వృథా. పైనుంచి నీళ్లు పోస్తే అడుగు చిల్లుల్లోంచి గబగబా దిగాలి. నిలబడితే మిశ్రమం బిగిసిందన్నమాట, తీసి మళ్లీ వదులుగా వేయండి.

కింద పళ్లెంలో నీళ్లు నిలవ ఉంచొద్దు. కీటకాలు తినే మొక్కలన్నీ నీళ్ల పళ్లెంలో ఉండాలని ఎక్కడో చదివి ఉంటారు. వీనస్ ఫ్లైట్రాప్‌కి అది సరే, నెపంథిస్‌కి కుదరదు. పైన నాచు వేలికి తడి తగలకుండా ఆరబోతున్నప్పుడు పోయండి, అడుగునుంచి కారేదాకా పోయండి. మీ దగ్గర ఇప్పుడైతే రెండు మూడు రోజులకోసారి, ఏప్రిల్‌లో రోజూ. నెలకోసారి మామూలుకంటే మూడింతల నీళ్లు పోసి మిశ్రమాన్ని కడిగేయండి.

నాటాక పదిహేను రోజులు నీడన, గాలి విసురు తగలని చోట ఉంచండి. ఒకటి రెండు పాత ఆకులు పసుపు పడితే కంగారు పడొద్దు. తర్వాత ఉదయపు ఎండ రెండు మూడు గంటలు తగిలే చోటుకి జరపండి. ఎండిన కూజాల్ని గోధుమరంగు దాకానే కత్తిరించండి. కాలిన అంచులు మళ్లీ పచ్చబడవు, కొత్త ఆకుల అంచులు బాగున్నాయా అన్నదే చూడాలి.

కూజాల కోసం మాత్రం ఓపిక పట్టాలి. వేర్లు కుదురుకోవడానికే నెలా రెండు నెలలు పడుతుంది. ఆ తర్వాత వచ్చే ఆకుల చివర మొగ్గలా ఉబ్బడం మొదలవుతుంది. అప్పటికి మీ దగ్గర చలికాలం వచ్చేస్తుంది, గాలి పొడిగా ఉంటుంది, రాత్రిళ్లు చలి. మొగ్గ వచ్చినా ఎదగకుండా ఎండిపోవచ్చు. అప్పుడు మిశ్రమాన్ని అనుమానించి మళ్లీ పీకొద్దు. గాలిలో తేమ చాలకపోయినా, వెలుగు చాలకపోయినా అదే జరుగుతుంది. వెడల్పాటి పళ్లెంలో గులకరాళ్లు, నీళ్లు వేసి, నీళ్లు కుండీకి తగలకుండా రాళ్ల మీద పెట్టండి, చుట్టూ మరో నాలుగు కుండీలు చేర్చండి. కొంత మేలు. వచ్చే జూన్‌కి సరిగ్గా కూజాలు కడితే నేను సంతోషిస్తాను. మే నెలలో మీ ఊళ్లో 45 డిగ్రీలు కొట్టే రోజుల్లో దాన్ని ఇంటి లోపల వెలుగున్న కిటికీ దగ్గర పెట్టుకోండి, మనిషే బయట నిలవలేని ఎండలో దాన్ని నిలబెట్టొద్దు.

రెండేళ్లకోసారి మిశ్రమం మార్చాలి. నాచు అప్పటికి నల్లబడి మెత్తగా పేస్టులా అవుతుంది. మన వైపు జూన్ చివర, జూలై ఆ పనికి మంచి రోజులు.

మీవాడు ఇది దోమల్ని తింటుందా అని కూడా అడిగే ఉంటాడు, పిల్లలందరూ అడుగుతారు. ఎక్కువగా తినేది చీమల్ని. దోమలు తగ్గుతాయని ఆశ పెట్టుకోవద్దు. అడవిలో కొన్ని రకాల దోమలైతే ఈ కూజా నీళ్లలోనే గుడ్లు పెడతాయి, వాటి పిల్లలకు ఏమీ కాదు! కొత్త కూజా మూత తెరుచుకున్నాక రెండు చచ్చిన చీమల్ని వేయనివ్వండి, సరదా తీరుతుంది. అన్నం మెతుకులు, చికెన్ ముక్కలు వేస్తానంటే వద్దనండి, కూజా కుళ్లుతుంది. లోపలి నీళ్లు ఒలకబోయొద్దని గట్టిగా చెప్పండి, అరిగించే రసం అందులోనే ఉంటుంది.

తీసేసిన ఆ ఎర్రమట్టి మిశ్రమం పారేయకండి. గులాబీలకు మళ్లీ వేసుకోవచ్చు.